ఫ్లాటు ధరతో పాటే మెయింటెనెన్స్ లెక్కా చెప్పించండి: తెలంగాణ రెరాకు బహిరంగ లేఖ

తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ) అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం.

హైదరాబాద్ పడమటి శివార్లలోని ఒక అపార్టుమెంట్ల సముదాయంలో నేను ఫ్లాటు యజమానిని, అక్కడి యజమానుల సంఘానికి కోశాధికారిని. నా ఉద్యోగ జీవితమంతా బ్యాంకు పద్దుల మధ్యే గడిచింది. ఆ అలవాటుతోనే మా సంఘం లెక్కలు చూస్తున్నాను. చుట్టుపక్కల సంఘాల వాళ్లు తమ కాగితాలు పట్టుకుని సలహా కోసం వస్తే వాటినీ చూస్తున్నాను. ఎవరి కాగితాలు చూసినా ఒకటే కథ. అందుకే ఈ లేఖ.

నేను కోరేది ఒక్కటే. కొనేవారు మొదటి చెక్కు రాయకముందే నెలకు మెయింటెనెన్స్ ఎంత పడుతుందో, కార్పస్ ఫండ్ (ముందుముందు పెద్ద మరమ్మతుల కోసం దాచే మూలధనం) కింద ఎంత కట్టాలో, ఆ డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుందో, సంఘం చేతికి ఎప్పుడు వస్తుందో మీ వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు పేజీలోనే కనబడాలి. ఇప్పుడు ఆ పేజీలో అనుమతులు ఉంటాయి, ప్లాన్లు ఉంటాయి, ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో ఉంటుంది. ఫ్లాటులో ఉన్నన్నాళ్లూ నెలనెలా కట్టాల్సిన సొమ్ము గురించి మాత్రం ఒక్క ముక్కా ఉండదు.

ఫ్లాటు కొనడం మన దగ్గర ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. భార్యాభర్తలు ఆదివారం పూట సేల్స్ ఆఫీసుకు వెళతారు. చదరపు అడుగు ధర, పై అంతస్తుకు అదనం, తూర్పు ముఖానికి అదనం, కారు పార్కింగు, క్లబ్‌హౌసు, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ అన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తారు. ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ‘కార్పస్ ఫండ్, మెయింటెనెన్స్ అడ్వాన్సు అదనం, స్వాధీనం నాటికి నిర్ణయించిన ప్రకారం’ అని ఉంటుంది. ఎంత అని అడిగితే అప్పటికి అందరూ ఎంత కడితే మీరూ అంతే అంటారు. ఆ మాట విని ఊరుకుంటారు, ఎందుకంటే ఆ పూట వారి మనసంతా ధర మీద, బ్యాంకు రుణం మీద ఉంటుంది. మూడేళ్లో నాలుగేళ్లో గడిచాక డిమాండ్ నోటీసు వస్తుంది. అప్పటికి ఫ్లాటు ధరలో దాదాపు అంతా కట్టేసి ఉంటారు. ఒకవైపు ఈఎంఐ, మరోవైపు ఉంటున్న ఇంటి అద్దె. నోటీసులోని మొత్తం కట్టనిదే తాళాలు ఇవ్వరు. ఆ స్థితిలో ఉన్న మనిషి ఏ అంకె మీదా బేరమాడలేడు.

అంకెలు వేసి చూపిస్తాను. 1,800 చదరపు అడుగుల ఫ్లాటు అనుకుందాం. మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయల చొప్పున నెలకు 7,200. రెండేళ్ల అడ్వాన్సు 1,72,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 31,104. కార్పస్ ఫండ్ అడుగుకు 75 రూపాయల చొప్పున 1,35,000. మొత్తం కలిపితే 3,38,904 రూపాయలు. గృహరుణం లెక్కలోకి ఇది సాధారణంగా రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి. గృహప్రవేశం, కర్రపని, పిల్లల బడి మార్పు అన్నీ ఒకేసారి మీదపడిన నెలలో, ముందుగా ఎవరూ చెప్పని మూడు లక్షల నలభై వేలు ఎక్కడి నుంచి వస్తాయి? నాకు తెలిసిన చాలామంది బంగారం తాకట్టు పెట్టారు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2016 నాటి స్థిరాస్తి చట్టం సెక్షన్ 11(4)(డి) ప్రకారం, కొన్నవారి సంఘం నిర్వహణ బాధ్యత తీసుకునేదాకా నిత్యావసర సేవలను బిల్డరే నడపాలి, అందుకు సముచితమైన రుసుము మాత్రమే తీసుకోవాలి. సెక్షన్ 19(6) కొన్నవారి మీద కూడా బాధ్యత పెట్టింది: తమ వాటా మెయింటెనెన్స్, నీటి, కరెంటు చార్జీలు సకాలంలో కట్టాలి. రెండు వైపులా న్యాయంగానే ఉంది. కానీ సముచితమంటే ఎంతో తేల్చాలంటే ముందు ఖర్చు వివరం బయటపెట్టాలి కదా. అడుగుకు 4 రూపాయలనే ఒక్క అంకె తప్ప దాని వెనుక ఏమున్నదో కొన్నవారికి తెలియనప్పుడు, అది సముచితమా కాదా అని మీ ముందుకు వచ్చి వాదించడానికి వారి దగ్గర ఆధారమేముంటుంది?

సంఘం ఏర్పాటులో జాప్యం గురించి కొంచెం వివరంగా రాయాలి. ఎక్కువమందికి తెలియని నష్టం ఇక్కడే ఉంది. స్థానిక చట్టం లేనిచోట, సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడాలని సెక్షన్ 11(4)(ఇ) చెబుతోంది. మన దగ్గర 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఉంది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో సంఘాలు నమోదవుతున్నాయి. దారి ఉంది, అయినా ఆలస్యం జరుగుతూనే ఉంది. చివరి టవర్ పూర్తి కావాలని, మిగిలిన ఫ్లాట్లు అమ్ముడుపోవాలని, అందరూ చేరాలని కారణాలు చెబుతారు. ఆ కాలమంతా మెయింటెనెన్స్ వసూలు చేసేది బిల్డరు పెట్టిన నిర్వహణ సంస్థ.

సభ్యుల నుంచి సంఘం వసూలు చేసే మెయింటెనెన్స్ మీద, ఒక్కో సభ్యుడికి నెలకు 7,500 రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. 2018 జనవరి 25కు ముందు ఆ పరిమితి 5,000గా ఉండేది. అయితే ఈ మినహాయింపు లాభాపేక్ష లేని సంఘం తన సొంత సభ్యులకు చేసే సేవకే వర్తిస్తుంది. బిల్డరుకు వర్తించదు, ఆయన పెట్టిన నిర్వహణ సంస్థకూ వర్తించదు. పై ఉదాహరణలోని 7,200 రూపాయలు సంఘానికి కడితే పన్ను లేదు. అదే సొమ్ము బిల్డరు సంస్థకు కడితే నెలకు 1,296 రూపాయలు అదనం. 200 ఫ్లాట్ల సముదాయంలో అది నెలకు 2,59,200, ఏడాదికి 31 లక్షలు దాటుతుంది. సెక్యూరిటీ, లిఫ్టు సంస్థల బిల్లుల మీద సంఘమైనా జీఎస్టీ కట్టక తప్పదు, ఆ పన్నును సర్దుబాటు చేసుకునే వీలు నిర్వహణ సంస్థకు ఉంటుంది కాబట్టి తేడా కొంత తగ్గవచ్చు. అయినా తన బిల్లులో పన్ను వరుస చూసుకునే మామూలు కుటుంబానికి పడే భారం పడుతూనే ఉంటుంది. సంఘం ఒక ఏడాది ఆలస్యమైతే జరిగే నష్టం ఇది. ఇందులో బిల్డరుకు పోయేదేమీ లేదు, కట్టేది నివాసులు. ఆలస్యం వల్ల తనకు నష్టం లేనివారు తొందరపడతారని ఆశించలేం. తొందరపెట్టాల్సింది మీరు.

ఇక కార్పస్ ఫండ్. రాయడానికి కూర్చున్నదే దీని కోసం.

లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్లు, నీటి మోటార్లు, మురుగునీటి శుద్ధి కేంద్రం ఏవీ కలకాలం ఉండవు. ఐదారేళ్లకొకసారి బయటి గోడలకు రంగులు వేయించాలి. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. ఒక రోజున లిఫ్టులు మొత్తంగా మార్చాల్సి వస్తుంది. ఆ రోజు ఒక్కో ఫ్లాటు నుంచి లక్షలు వసూలు చేయలేం కనుక ముందే మూలధనం పోగుచేసి, దాన్ని ముట్టకుండా వడ్డీతో పెంచుకుంటూ రావడం కార్పస్ ఫండ్ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. నేను దానికి వ్యతిరేకిని కాను. సరిగా పెట్టిన కార్పస్ ఉన్న సముదాయం ఇరవై ఏళ్ల తరువాత కూడా నిలబడుతుంది. లేనిది పదేళ్లకే పాడుబడుతుంది. నగరంలో తొంభైల నాటి అపార్టుమెంట్లు కొన్నింటిని చూస్తే ఆ తేడా కంటికి కనిపిస్తుంది: ఆగిపోయిన లిఫ్టు, మెట్ల మీద పెచ్చులూడిన గోడ, డబ్బులు పోగుకాక వాయిదా పడిన మరమ్మతులు.

200 ఫ్లాట్లు, ఒక్కోటి 1,800 అడుగులు, అడుగుకు 75 రూపాయలు. ఆ కార్పస్ 2 కోట్ల 70 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి వేస్తే ఏడాదికి 18 లక్షల 90 వేల వడ్డీ. ఈ డబ్బు ఎవరిది? ఫ్లాట్లు కొన్నవారందరిదీ. ఎక్కడుంటుంది? చాలాచోట్ల బిల్డరు ఖాతాలో, ఆయన మిగతా డబ్బుతో కలిసి. నిర్మాణం కోసం కొన్నవారు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరిస్తేనే తీయాలని చట్టం గట్టిగా చెప్పింది. ఇంటి గోడల కోసం కట్టిన డబ్బుకు అంత కాపలా పెట్టినవాళ్లం, ఆ గోడలు నిలబడటానికి దాచిన డబ్బుకు కాపలా పెట్టలేదు.

ఆ డబ్బు చేతికి వచ్చేటప్పుడు ఎలా వస్తుందో దగ్గరగా చూసినవాణ్ణి. మా సముదాయం అప్పగింత రోజున క్లబ్‌హౌసులో టేబుల్ మీద రెండు అట్టపెట్టెలు, ఒక ఫైలు పెట్టారు. పెట్టెల్లో లిఫ్టు తాళాలు, పంపు హౌసు తాళాలు, కొన్ని వారంటీ కార్డులు, ఏ వాల్వు ఎక్కడుందో చెప్పే చేతిరాత కాగితం. ఫైలులో రెండేళ్ల మెయింటెనెన్స్ జమాఖర్చులు ఒకే ఒక్క ఏ4 కాగితం మీద ఉన్నాయి. వచ్చింది ఇంత, ఖర్చయింది ఇంత, మిగులు లేదు. ఖర్చులో దాదాపు నాలుగో వంతు ‘ఇతరములు’ అనే ఒక్క వరుసలో ఉంది. బిల్లులు అడిగితే ఆఫీసులో ఉన్నాయన్నారు. కార్పస్ అసలు బదిలీ అయింది కానీ నెలలు ఆలస్యంగా, వడ్డీ లేకుండా. ఆ రెండేళ్ల వడ్డీ ఏమైందన్న ప్రశ్నకు ఒప్పందంలో ఆ మాట లేదని జవాబిచ్చారు. నిజమే, లేదు. ఒప్పందాలు రాసేది వాళ్లే కాబట్టి ఆ మాట ఎప్పటికీ ఉండదు, మీరు రాయిస్తే తప్ప.

ఆ ఏ4 కాగితం వెనుక ఉన్న బిల్లుల్లో కొన్ని తరువాత, చాలా అడగగా, చేతికొచ్చాయి. వాటిలో ఒకటి సెల్లారులో నీరు ఊరుతున్న గోడకు చేయించిన వాటర్‌ప్రూఫింగ్ బిల్లు. మరొకటి రెండు టవర్ల మధ్య జాయింటు దగ్గర కారుతుంటే చేసిన మరమ్మతు. రెండూ మేము చేరిన మొదటి ఏడాదివే. సెక్షన్ 14(3) ఏం చెబుతోంది? స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో లోపం బయటపడి, కొన్నవారు దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. అంటే ఆ రెండు బిల్లులూ మా డబ్బులోంచి పోకూడనివి. మెయింటెనెన్స్ ఖాతా బిల్డరు చేతిలో ఉన్నంతకాలం, తన బాధ్యత అయిన మరమ్మతును ఉమ్మడి ఖర్చులో కలిపేయడం ఆయనకు ఎంతో సులువు. పద్దు విడమరిచి రాయకపోతే ఎవరికీ తెలియదు. ఫ్లాటులో కొత్తగా చేరినవారు కర్టెన్లు, కిచెన్ అల్మారాల గొడవలో ఉంటారు, సెల్లారు గోడ బిల్లు ఎవరు చూస్తారు?

అమ్ముడుపోని ఫ్లాట్ల సంగతి. 200 ఫ్లాట్లలో 40 ఇంకా అమ్ముడుపోలేదనుకుందాం. వాచ్‌మన్ జీతం, లిఫ్టు కరెంటు, గార్డెన్ నీళ్లు ఆ 40 కోసం ఆగవు. నెలకు 2,88,000 రూపాయల వాటా ఆ ఫ్లాట్లదే. అమ్మేదాకా వాటికి యజమాని బిల్డరే కనుక ఆయనే కట్టాలి. కట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లను మెచ్చుకోవాలి. కట్టనిచోట ఆ లోటు మిగతా 160 కుటుంబాల అడ్వాన్సులోంచి పోతుంది, రెండేళ్లు రావాల్సిన డబ్బు పంతొమ్మిది నెలలకే అయిపోతుంది. అప్పుడు సంఘం పగ్గాలు చేపట్టినవారు మొదటి సమావేశంలోనే మళ్లీ డబ్బు అడగాల్సి వస్తుంది, ఇరుగుపొరుగు మధ్య మొదటి తగాదా అక్కడే మొదలవుతుంది. కొన్నవారి నుంచి వసూలు చేసిన నీటి, కరెంటు, మెయింటెనెన్స్ సొమ్మును అప్పగింతకు ముందు చెల్లించకపోతే ఆ బాకీకి అప్పగించిన తరువాత కూడా బిల్డరే బాధ్యుడని సెక్షన్ 11(4)(జి) చెబుతోంది. కరెంటు బాకీలతో సహా సముదాయాన్ని అప్పగించిన ఉదంతాలు విన్నప్పుడల్లా, ఈ నిబంధన ఉందని ఎంతమంది సంఘ బాధ్యులకు తెలుసో అనిపిస్తుంది.

తప్పంతా ఎక్కువ వసూలు చేయడంలోనే ఉందని నేను అనడం లేదు. తక్కువ చెప్పడం కూడా అంతే నష్టం. అమ్మకాలు సాగాలని అడుగుకు రెండున్నర రూపాయలే మెయింటెనెన్స్ అని చెప్పి, మొదటి రెండేళ్లు తన చేతి నుంచి వేసి నడిపి, తరువాత సంఘానికి అప్పగించి తప్పుకునేవారు ఉన్నారు. సంఘం అసలు ఖర్చు లెక్కవేస్తే నాలుగున్నర తేలుతుంది. పెంచుతామంటే సభ్యులు నమ్మరు. బిల్డరు రెండున్నరతో నడిపాడు, మీరెందుకు నడపలేరు అని నిలదీస్తారు. ఉచితంగా సమయం ఇచ్చి పనిచేసే సంఘ బాధ్యుల నిజాయతీ మీదే అనుమానం వస్తుంది. మంచివాళ్లు తప్పుకుంటారు. రిటైరై, పింఛను మీద బతికే దంపతులకు నెలకు నాలుగైదు వేలు కట్టగలమని లెక్కవేసుకుని కొన్న ఇల్లు ఎనిమిది వేల ఇల్లు అవుతుంది. ముందే తెలిస్తే వాళ్లు క్లబ్‌హౌసు, ఈతకొలను లేని చిన్న అపార్టుమెంటు చూసుకునేవాళ్లు. ఎంచుకునే హక్కు పోవడమే ఇక్కడ జరిగిన అసలు అన్యాయం.

ఖర్చు ఎంత అవుతుందో ముందే చెప్పలేమని బిల్డర్లు అంటారు. దీనికి జవాబు ప్లానులోనే ఉంది. భవనం ఎత్తు, లిఫ్టుల సంఖ్య, గేట్లెన్ని, సెల్లారులెన్ని, మంజీరా నీటి కనెక్షను ఉందా, బోర్లు ఎన్ని, వేసవిలో ట్యాంకర్ల మీద ఎంత ఆధారపడాలి, శుద్ధి కేంద్రం సామర్థ్యం ఎంత, జనరేటరు ఇళ్లలో ఏసీలకు కూడా ఇస్తుందా లేక లైట్లు, ఫ్యాన్లకేనా అన్నవే మెయింటెనెన్స్‌ను తొంభై శాతం నిర్ణయించేస్తాయి. ప్లాను గీసిన రోజే ఇవి ఖాయమవుతాయి. ఒక గేటు దగ్గర మూడు షిఫ్టులకు ఎంతమంది గార్డులు కావాలో ఏ సెక్యూరిటీ సంస్థ అయినా నిమిషంలో చెబుతుంది. కోకాపేట, నార్సింగి వైపు ఇప్పుడు 40, 50 అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. అంత ఎత్తుకు నీళ్లు ఎక్కించే మోటార్లు, వేగంగా వెళ్లే లిఫ్టులు, అగ్నిమాపక పంపులు, బయటి అద్దాలు శుభ్రం చేసే ఏర్పాటు వీటి ఖర్చు ఐదంతస్తుల అపార్టుమెంటు ఖర్చులా ఉండదు. కట్టేవారికి ఇది తెలుసు, కొనేవారికే తెలియదు. ధరలు పెరిగితే అంచనా మారుతుంది, మారనివ్వండి. ఏ సంవత్సరపు ధరల మీద వేసిన అంచనాయో రాస్తే చాలు.

ఫ్లాటు సైజును బట్టి వసూలు చేయాలా, అందరికీ సమానంగా వేయాలా అన్న పాత తగాదా కూడా బుకింగ్ రోజునే తేలాలి. నా అభిప్రాయం అడిగితే, వాచ్‌మన్, లిఫ్టు, చెత్త సేకరణ లాంటివి సమానంగా, రంగులు, మరమ్మతులు, కార్పస్ సైజును బట్టి వేయడం న్యాయం. మరొకరికి మరో పద్ధతి న్యాయమనిపించవచ్చు. ఏ పద్ధతైనా ముందు తెలిసి సంతకం పెడితే తరువాత గొడవ ఉండదు.

ఇప్పుడు విన్నపం వివరంగా. ప్రాజెక్టు వివరాలు ప్రతి మూడు నెలలకొకసారి మీ వెబ్‌సైటులో తాజాగా పెట్టాలని సెక్షన్ 11(1) చెబుతోంది. అదే సెక్షను చివర, మీరు నిబంధనల ద్వారా నిర్దేశించే ఇతర సమాచారం కూడా పెట్టించవచ్చని ఉంది. సెక్షన్ 37 కింద బిల్డర్లు తప్పక పాటించాల్సిన ఆదేశాలిచ్చే అధికారమూ మీకుంది. అంటే శాసనసభకు వెళ్లనక్కరలేదు. ప్రాజెక్టు నమోదు సమయంలోనే బిల్డరు ఉమ్మడి ఖర్చుల అంచనా పత్రం ఒకటి ఇవ్వాలని, అందులో సెక్యూరిటీ, శుభ్రత, కరెంటు, నీరు, లిఫ్టుల వార్షిక ఒప్పందం, జనరేటరు డీజిలు, శుద్ధి కేంద్రం, తోట, క్లబ్‌హౌసు, నిర్వహణ సంస్థ రుసుము దేనికది విడిగా చూపాలని ఆదేశించండి. ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13 ఇప్పటికే చెబుతోంది. ఆ మొదటి సొమ్ము తీసుకునే ముందే ఈ పత్రం మీద కొనేవారి సంతకం తీసుకోవాలి. అమ్మకపు ఒప్పందంలో కార్పస్, అడ్వాన్సు అంకెల రూపంలో ఉండాలి. ‘స్వాధీనం నాటికి నిర్ణయించిన ప్రకారం’ అనే వాక్యం ఇక చెల్లదని మీరు చెప్పాలి.

కార్పస్ వసూలు చేసిన రోజు నుంచి విడి బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఖాతా మొత్తం మూడు నెలలకొకసారి మీ వెబ్‌సైటులో కనబడాలి. దాని మీద వచ్చిన ప్రతి రూపాయి వడ్డీ కార్పస్‌కే చేరాలి. సంఘం నమోదైన 30 రోజుల్లో, చార్టర్డ్ అకౌంటెంటు తనిఖీ చేసిన లెక్కలతో, బిల్లులతో సహా బదిలీ కావాలి. స్థానిక చట్టం లేనిచోట ఉమ్మడి స్థలాల పత్రాలు, ప్లాన్లు నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలని సెక్షన్ 17 ఎటూ చెబుతోంది, డబ్బుకు కూడా అలాంటి గడువే కోరుతున్నాను. ఐదేళ్ల లోపాల బాధ్యత కింద వచ్చే మరమ్మతులను మెయింటెనెన్స్‌లో రాయకూడదని, అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా బిల్డరు నెలనెలా జమచేసి చూపాలని అదే ఆదేశంలో చేర్చండి. సగం ఫ్లాట్లు బుక్ అయినట్టు మీ వెబ్‌సైటులోని వివరాలే చూపిస్తున్నప్పుడు, సంఘం ఏర్పాటు గడువు మొదలైందని కొన్నవారికి ఒక సందేశం వెళ్లేలా చేయడం పెద్ద పని కాదు.

ఒక సంగతి ప్రత్యేకంగా మీ దృష్టికి తెస్తున్నాను. ఇక్కడ ఫ్లాట్లు కొంటున్నవారిలో అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల కోసం కొంటారు, లేదా రేపు తిరిగి వస్తామని కొంటారు. సమావేశాలకు రాలేరు, కాగితాలు చూడలేరు, ఇక్కడున్న పెద్దవాళ్లు అడగలేరు. వాళ్లకు మీ వెబ్‌సైటే దిక్కు. అందులో ఆ అంకెలుంటే వేలమైళ్ల దూరం నుంచి కూడా చూసుకోగలరు.

పాత ఫ్లాటు కొనేవారికి ఈ ఏర్పాటు నేరుగా వర్తించదు. వారికి నా మాట ఒకటే: రిజిస్ట్రేషన్‌కు ముందు సంఘం నుంచి బాకీ లేదన్న పత్రం, గత రెండేళ్ల జమాఖర్చులు, కార్పస్ నిల్వ ఎంతో రాసిచ్చిన కాగితం అడగండి. ఇవ్వడానికి వెనుకాడే సంఘం ఉన్నచోట కొనేముందు ఇంకోసారి ఆలోచించండి.

తోటి సంఘాల బాధ్యులకూ ఒక మాట. బిల్డరును లెక్క అడిగే మనం మన సభ్యులకు నెలనెలా లెక్క చూపాలి. నోటీసు బోర్డు మీద పద్దులు పెట్టని సంఘం ఈ లేఖ కింద సంతకం చేయడానికి అర్హమైనది కాదు. సకాలంలో కట్టని సభ్యులు కూడా, కట్టకపోవడాన్ని నిరసనగా చెప్పుకోవడం మానాలి. మనలో ఒకరు కట్టనిది పక్కింటివారు కడుతున్నారు.

విజయవాడ, విశాఖపట్నంలోనూ ఇవే సమస్యలున్నాయని అక్కడి బంధుమిత్రులు చెబుతున్నారు. స్థిరాస్తి చట్టం రెండు రాష్ట్రాలకూ ఒకటే. మీరు ముందడుగు వేస్తే ఆంధ్రప్రదేశ్ రెరాకు కూడా దారి ఏర్పడుతుంది. ఈ లేఖ ప్రతిని వారికీ పంపుతున్నాను.

దీన్ని ఏ ఒక్క బిల్డరు మీద ఫిర్యాదుగా చూడవద్దు. అలాంటి ఫిర్యాదు చేయాలనుకుంటే సెక్షన్ 31 ఉంది, అది వేరే దారి. ఇది నియమం కోసం అడుగుతున్న విన్నపం. ముసాయిదా తయారుచేయాలనుకుంటే మా సంఘం నెలవారీ పద్దులు, లిఫ్టు ఒప్పందాలు, డీజిలు రిజిస్టరు, నీటి ట్యాంకర్ల చీటీలు, కార్పస్ డిపాజిట్ రసీదులు అన్నీ మీ కార్యాలయానికి తెచ్చి చూపడానికి సిద్ధంగా ఉన్నాను. మా సర్వసభ్య సమావేశం అందుకు అనుమతి కూడా ఇచ్చింది. మీరు పిలిచిన రోజున వస్తాను.

భవదీయుడు,
ఒక ఫ్లాటు యజమానుల సంఘం కోశాధికారి,
హైదరాబాద్